హద్దులు దాటిన ఫిర్యాదు: జీరో ఎఫ్‌ఐఆర్ వచ్చిన దారి

కాట్పాడిలో రైలెక్కి తిరుపతిలో దిగే యాత్రికుడి బ్యాగు దారిలో పోయిందనుకుందాం. మధ్యలో చిత్తూరు ఉంది, పాకాల ఉంది, చంద్రగిరి ఉంది. ఎక్కడ పోయిందో అతనికి తెలియదు. నిద్రలేచి చూసుకునేసరికి బ్యాగు లేదు. అందులో డబ్బు, ఆధార్ కార్డు, వెంట వచ్చిన పెద్దావిడ మందులు ఉన్నాయి. అతను ఏ స్టేషన్‌కు పోవాలి? ఏ రాష్ట్రం పోలీసులకు చెప్పాలి? తెలుగు రాకపోతే ఏ భాషలో చెప్పాలి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ ప్రశ్నలు రోజూ ఎదురయ్యేవే. నగరి దాటితే తిరుత్తణి, పలమనేరు దాటితే ముళబాగిలు. కుప్పం మనిషికి ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో పోయి పనిచేసి వచ్చేవాళ్లు ఉన్నారు. మదనపల్లె టమోటా మూడు రాష్ట్రాల మార్కెట్లకు పోతుంది. దేశం నలుమూలల నుంచి జనం కొండకు వస్తారు. ఇలాంటి చోట నేరానికి రాష్ట్రాల సరిహద్దు అడ్డం కాదు. అడ్డమంతా బాధితుడికే. "ఇది మా లిమిట్స్‌లోకి రాదు, అక్కడికి పోయి చెప్పుకో" అన్న ఒక్క మాటతో అతను మళ్లీ బస్టాండుకు నడవాల్సి వచ్చేది.

ఆ మాట చట్టం ముందు చెల్లదని ఖాయం చేసిన ఏర్పాటే జీరో ఎఫ్‌ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా, బాధితుడు ఏ స్టేషన్‌కు వస్తే ఆ స్టేషన్ ఫిర్యాదు రాసుకోవాలి, కేసు కట్టాలి, ఆ తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. వినడానికి ఇంత సులువుగా ఉన్న పద్ధతి దేశ చట్టంలో అక్షరాలా చేరడానికి, మొదట సూచించిన నాటి నుంచి 44 ఏళ్లు పట్టింది. ఆ దారిలో తెలుగు నేల మీద జరిగిన రెండు ఘటనలు కీలకమైన మలుపులు.

హద్దు ఎందుకు గీశారు

మన పోలీసు వ్యవస్థకు పునాది 1861 నాటి పోలీసు చట్టం. ప్రతి స్టేషన్‌కూ కొన్ని ఊళ్లు, కొన్ని వీధులు కేటాయించారు. అందులో తప్పేమీ లేదు. నేరస్థలానికి దగ్గరగా ఉన్నవాడే ఆనవాళ్లు సేకరించగలడు, సాక్షులను వెతకగలడు, ఆ ఊరి పాత కక్షలు తెలిసి ఉంటాడు. దర్యాప్తుకు హద్దు అవసరమే.

చిక్కల్లా దర్యాప్తుకు గీసిన గీతను ఫిర్యాదుకు కూడా గీయడంలో వచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఫిర్యాదు నమోదు గురించి చెప్పేది 154వ సెక్షన్. పోలీసులు స్వయంగా కేసు చేపట్టదగిన నేరం గురించి సమాచారం వస్తే స్టేషన్ అధికారి రాసుకోవాలని అందులో ఉండేది. నేరం తన పరిధిలో జరిగి ఉంటేనే రాసుకోవాలన్న షరతు అందులో ఉండేది కాదు. పరిధి ప్రస్తావన దర్యాప్తు అధికారం గురించి చెప్పే 156వ సెక్షన్‌లో వచ్చేది. అక్కడ కూడా రెండో ఉపసెక్షన్, ఆ అధికారికి దర్యాప్తు చేసే అధికారం లేదన్న కారణంతో అతని చర్యను ప్రశ్నించడానికి వీల్లేదని చెప్పేది. అంటే "మా పరిధి కాదు" అని బాధితుణ్ని తిప్పి పంపడానికి చట్టంలో ఆధారం మొదటి నుంచీ లేదు. అది స్టేషన్లలో పాతుకుపోయిన అలవాటు.

ఆ అలవాటుకు కారణాలు ఉన్నాయి. కేసు కడితే ఆ స్టేషన్ లెక్కలో ఒక నేరం పెరుగుతుంది. నెలవారీ సమీక్షలో పై అధికారి అడుగుతారు. దర్యాప్తుకు మనిషి కావాలి, బండి కావాలి. పక్క రాష్ట్రానికి పోయి రావాలంటే రోజులు పడుతుంది. పరిధి అన్న ఒక్క మాటతో ఇంత భారమూ తప్పిపోయేది. తప్పిన ఆ భారమంతా బాధితుడి నెత్తిన పడేది.

పరిధి గొడవకు కొంత విరుగుడును ముందుగా అమలు చేసిన చోటు రైల్వే. కదిలే బండిలో నేరస్థలం ఏదో తేల్చడం కష్టం. అందుకే రైల్లో దొంగతనం జరిగితే ప్రయాణికుడు బండి దిగి స్టేషన్ వెతుక్కోనక్కరలేదు. టీటీఈ దగ్గరో గార్డు దగ్గరో ఫిర్యాదు ఫారం ఉంటుంది. నింపి ఇస్తే దాన్ని తర్వాత వచ్చే రైల్వే పోలీసు పోస్టుకు చేరుస్తారు. బాధితుడి ప్రయాణం ఆగదు, కాగితమే ప్రయాణం చేస్తుంది. ఇదే సూత్రాన్ని ఊళ్లకు వర్తింపజేయడానికి ఎందుకంత ఆలస్యమైందన్నదే మిగతా కథ.

1980: మొదటి సూచన

ఎమర్జెన్సీ ముగిశాక, 1977 నవంబరులో కేంద్రం జాతీయ పోలీసు కమిషన్‌ను నియమించింది. దానికి ధర్మవీర అధ్యక్షులు. 1979 నుంచి 1981 వరకు ఆ కమిషన్ 8 నివేదికలు ఇచ్చింది. ఫిర్యాదులు రాసుకోకపోవడం ప్రజల పెద్ద ఆరోపణల్లో ఒకటని గుర్తించి, 1980లో ఇచ్చిన నాలుగో నివేదికలో దానికి మందు సూచించింది. నేరం తన పరిధిలో జరిగినా జరగకపోయినా ఫిర్యాదు నమోదు చేయడం ప్రతి స్టేషన్ బాధ్యతగా 154వ సెక్షన్‌ను సవరించాలని, అవసరమైతే తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాలని సిఫారసు చేసింది.

నేటి జీరో ఎఫ్‌ఐఆర్ మొత్తం ఆ సిఫారసులో ఉంది. ప్రభుత్వాలు మారాయి గానీ చట్టం మారలేదు. ఆ నివేదికల్లోని ముఖ్య సూచనల్లాగే ఇది కూడా బీరువాలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఆ సూచన మూలన పడి ఉండగా, 1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నేర బాధితుల న్యాయం గురించి ఒక ప్రకటనను ఆమోదించింది. బాధితులను దయతో, వారి గౌరవానికి భంగం రాకుండా చూడాలని, కేసు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లకు తెలియజేయాలని, పరిహారం, వైద్యం, మానసిక సాయం అందించాలన్నది ఆ ప్రకటన సారాంశం. అప్పటిదాకా నేర న్యాయ వ్యవస్థలో ప్రభుత్వమూ నిందితుడూ ఇద్దరే కక్షిదారులు, బాధితుడు సాక్షి మాత్రమే. అతనికి తనవైన హక్కులు ఉన్నాయని ప్రపంచం ఒప్పుకోవడం అక్కడ మొదలైంది.

1993: మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు

ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక హత్య కేసులో 1993లో తీర్పు వచ్చింది. ఆ కేసులో ఫిర్యాదు చెప్పుకోవడానికి పోలీస్ స్టేషన్‌కు వచ్చిన మనిషిని కానిస్టేబుల్ తిప్పి పంపాడు. నేరస్థలం తమ పరిధి కాదన్నాడు. అది విధి నిర్వహణలో లోపమని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పరిధి లేకపోయినా సమాచారం రాసుకుని, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపడానికి ఏ అడ్డమూ లేదంది.

ఆ తీర్పులోని రెండో భాగం మరింత ఆలోచింపజేస్తుంది. సరైన సమయానికి ఎఫ్‌ఐఆర్ రాయకుండా, నేరస్థలానికి చేరాక, చర్చలన్నీ అయ్యాక దాన్ని తయారు చేశారని కోర్టు గుర్తించింది. అటువంటి దర్యాప్తును నమ్మలేమని, నిందితులను విడిచిపెట్టిన హైకోర్టు నిర్ణయాన్ని నిలబెట్టింది. ఫిర్యాదు ఆలస్యం కావడమంటే బాధితుడికి ఒక పూట ఇబ్బంది మాత్రమేనని అనుకోకూడదు. మొదటి గంటలో రాసిన కాగితం మీదే కోర్టులో కేసు నిలబడుతుంది. ఆ కాగితం పుట్టకపోతే ఆ తర్వాత ఎంత పెద్ద అధికారి వచ్చి ఎంత కష్టపడినా ఆ లోటు పూడదు. ఫిర్యాదీకి మేలు చేయడమూ, నిజం నిగ్గు తేల్చడమూ ఒకే పని అని మన రాష్ట్రపు కేసే దేశానికి చూపించింది.

1999లో ఢిల్లీ, పాటియాలాల మధ్య నలిగిన ఒక వరకట్న కేసులో సుప్రీంకోర్టు పరిధి పేరుతో ఎఫ్‌ఐఆర్‌ను కొట్టివేయకూడదని మళ్లీ చెప్పింది. 2013 నవంబరు 12న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పోలీసులు స్వయంగా చేపట్టదగిన నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని తేల్చేసింది. తీర్పులు వచ్చాయి గానీ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డ మనిషికి అవి చేరలేదు.

2012-13: ఢిల్లీ

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో నడుస్తున్న బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరం తర్వాత, ఆమెతో ఉన్న స్నేహితుడు ఒక టీవీ ఇంటర్వ్యూలో, తాము రోడ్డు మీద పడి ఉండగా వచ్చిన పోలీసులు ఏ స్టేషన్ పరిధి అని వాదించుకున్నారని ఆరోపించాడు. ఢిల్లీ పోలీసులు దాన్ని ఖండించారు. ఆ ఆరోపణ మాత్రం దేశమంతా మారుమోగింది. తమకూ అలాంటి అనుభవమే ఎదురైందని ఎందరికో అనిపించింది.

జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యంలతో ఏర్పడిన కమిటీ నెల రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. లైంగిక నేర బాధితులకు పరిధితో సంబంధం లేకుండా సాయపడటం పోలీసుల విధి అని అందులో చెప్పింది. ఆ ఏడాది వచ్చిన చట్ట సవరణ, మహిళలపై జరిగే తీవ్రమైన నేరాల ఫిర్యాదును రాసుకోని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష పెట్టింది. 2013 మే 10న కేంద్ర హోం శాఖ జీరో ఎఫ్‌ఐఆర్ గురించి రాష్ట్రాలకు సలహా పంపింది.

ఆ సలహా విలువ మూడు నెలల్లోనే తెలిసింది. జోధ్‌పూర్ దగ్గరి ఆశ్రమంలో ఆసారాం బాపు తమ కూతురిపై అత్యాచారం చేశాడని ఒక బాలిక కుటుంబం 2013 ఆగస్టులో ఢిల్లీలోని కమలా మార్కెట్ స్టేషన్‌కు వచ్చింది. ఢిల్లీ పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి జోధ్‌పూర్‌కు పంపారు. 2018 ఏప్రిల్ 25న కోర్టు ఆసారాంకు యావజ్జీవ శిక్ష వేసింది. ఎదుటివాడు బలవంతుడైనప్పుడు, అతని ఊరి స్టేషన్‌కే పోయి చెప్పుకోమనడం ఎంత క్రూరమో, వేరే ఊరి స్టేషన్ తలుపు తెరిచి ఉండటం ఎంత అండో ఈ కేసు చెబుతుంది.

2019: శంషాబాద్, కంచికచెర్ల

సలహాకూ ఆజ్ఞకూ తేడా ఉంది. 2019 నవంబరు 27 రాత్రి ఆ తేడా తెలిసింది. శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర కనిపించకుండా పోయిన యువ పశువైద్యురాలి కోసం ఆమె ఇంటివాళ్లు పోలీసుల దగ్గరకు పరిగెత్తారు. ఒక స్టేషన్‌కు వెళ్తే ఇది ఇంకో స్టేషన్ పరిధి అని పంపారని వాళ్లు చెప్పారు. మర్నాడు పొద్దున చటాన్‌పల్లి వంతెన కింద ఆమె శవం దొరికింది. నిర్లక్ష్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. దిశ అన్న పేరుతో దేశం ఆమెను గుర్తు పెట్టుకుంది.

డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది హర్షించారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ తర్వాత, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ హర్షం పోలీసులు బాధితులకు ఏం బాకీ ఉన్నారో మరిచిపోయేలా చేసింది. ఆ రాత్రి ఆ కుటుంబం అడిగింది తమ మాట రాసుకొమ్మని, వెంటనే వెతకమని. రెండూ చట్టం చెప్పిన మామూలు పనులే. వాటిని సకాలంలో చేయని వ్యవస్థ, తొమ్మిది రోజుల తర్వాత ఏం చేసినా అది బాధితురాలికి న్యాయం కాదు.

దిశ ఘటన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ జీరో ఎఫ్‌ఐఆర్ అమలు చేయాలని ఆదేశించారు. 2019 డిసెంబరు మొదటి వారంలో కృష్ణా జిల్లా కంచికచెర్ల స్టేషన్‌లో, పక్క మండలంలో తప్పిపోయిన పిల్లవాడి గురించి అందిన ఫిర్యాదుపై రాష్ట్రంలో తొలి జీరో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. 1980లో సూచించిన పద్ధతి, 1993లో మన కేసులోనే కోర్టు చెప్పిన మాట, చివరికి ఒక ఊరి స్టేషన్‌లో కాగితం మీదకు వచ్చింది.

2024: చట్టంలో చోటు

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో, నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా సమాచారం ఇవ్వవచ్చని నేరుగా రాశారు. నోటి మాటగా చెప్పవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలం ఆమె ఇంట్లోగానీ ఆమె కోరిన చోటగానీ మహిళా అధికారి తీసుకోవాలి. అలాంటి బాధితులకు ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

ఒక మెలిక కూడా ఉంది. మూడేళ్లు, అంతకు మించి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చని అదే సెక్షన్ అంటోంది. ఇది పాత అలవాటుకు కొత్త ముసుగు కాకుండా పై అధికారులు కాపలా కాయాలి.

మన ప్రాంతపు ఆడపిల్లలకు పనికొచ్చే ఇంకో తీర్పు 2019 ఏప్రిల్ 9న వచ్చింది. అత్తింటి హింస భరించలేక పుట్టింటికి చేరిన స్త్రీ, పుట్టింటి ఊళ్లోనే వేధింపుల కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులోనో చెన్నైలోనో కాపురం చేసి పలమనేరు, నగరి చేరిన కూతుళ్లను, కేసు కోసం మళ్లీ ఆ ఊరికే పంపనవసరం లేదు.

ఐరోపా సమాఖ్య 2012 అక్టోబరులో తెచ్చిన బాధితుల హక్కుల ఆదేశంలోనూ ఇదే ఆలోచన దేశాల స్థాయిలో ఉంది. పరాయి దేశంలో నేరానికి గురై అక్కడ ఫిర్యాదు ఇవ్వలేకపోయిన మనిషి, తన దేశానికి తిరిగి వచ్చాక అక్కడి పోలీసులకే చెప్పుకోవచ్చు. దేశాల మధ్యే అది సాధ్యమైతే చిత్తూరుకూ వేలూరుకూ మధ్య అసాధ్యం అనడానికి వీల్లేదు.

కాగితం కదిలాక

కేసు కట్టడంతో బాధితురాలి కష్టం తీరదు. మొదటి స్టేషన్‌లో చెప్పిందే రెండో స్టేషన్‌లో, ఆస్పత్రిలో, మేజిస్ట్రేటు ముందు, కోర్టులో చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఆ గాయం మళ్లీ రేగుతుంది. దీనికి మార్గం వెతికినవాళ్లలో హైదరాబాద్ పోలీసులు ముందున్నారు. 2014 అక్టోబరులో షీ టీమ్స్ మొదలుపెట్టిన అధికారిణి స్వాతి లక్రా ఆధ్వర్యంలో 2016 మే 7న భరోసా కేంద్రం తెరిచారు. పోలీసు, డాక్టరు, లాయరు, కౌన్సెలర్ అందరూ ఒకే చోట ఉంటారు. బాధితురాలు తిరగడం మాని వాళ్లే ఆమె దగ్గరకు రావాలన్నది అక్కడి పద్ధతి. 2015 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన సఖి కేంద్రాల ఉద్దేశమూ ఇదే. 2009 చివరి నుంచి పరిహారం కూడా బాధితుల హక్కు. నిందితుడు దొరక్కపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. ఈ సంగతి బాధితులకు మొదట చెప్పాల్సింది ఎఫ్‌ఐఆర్ రాసిన పోలీసే.

మన సరిహద్దుల్లో ఇంకా పని మిగిలి ఉంది. తెలుగులో రాసిన ఎఫ్‌ఐఆర్ తమిళనాడు స్టేషన్‌కు చేరితే చదివేవాళ్లు కావాలి. ఫిర్యాదు రాశాక బాధితుడికి చదివి వినిపించాలని చట్టం చెబుతోంది. అతనికి అర్థమయ్యే భాషలో వినిపించకపోతే ఆ సంతకానికి విలువ ఏముంది? కాబట్టి తిరుపతి, రేణిగుంట, కుప్పం స్టేషన్లలో తమిళం, కన్నడం, హిందీ తెలిసిన సిబ్బంది ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. ఎఫ్‌ఐఆర్‌తో పాటు అనువాదం పోవాలి. పంపిన కేసుకు అవతల స్టేషన్‌లో నంబరు పడిందో లేదో కనుక్కుని బాధితుడి ఫోన్‌కు తెలియజేసే బాధ్యత మొదటి స్టేషన్‌దే కావాలి. దేశంలోని స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ నెట్‌వర్క్ 2009లోనే మంజూరైంది కాబట్టి సాంకేతికత లేదని చెప్పడానికి కుదరదు. 2025 మేలో ఢిల్లీలో, 10 లక్షల రూపాయలు దాటిన సైబర్ మోసాల ఫిర్యాదులు వాటంతటవే జీరో ఎఫ్‌ఐఆర్‌గా మారే ఈ-జీరో ఎఫ్‌ఐఆర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పది వేలు పోగొట్టుకున్న కూలీకి ఆ పది వేలే పది లక్షలు. ఆ గీత కిందికి దిగాలి.

స్టేషన్‌లో రైటర్ పని తేలిక కాదు. తక్కువ సిబ్బంది, బందోబస్తులు, వీఐపీ రాకలు. అయినా స్టేషన్ గడప తొక్కిన మనిషికి ఎదురయ్యే మొదటి ముఖం అతనిదే. ఒక కుర్చీ, గ్లాసు మంచినీళ్లు, "చెప్పండి, రాసుకుంటాను" అన్న మాట ఇవ్వడానికి బడ్జెట్ అక్కరలేదు. కేసులు పెరిగాయని స్టేషన్‌ను తప్పుపట్టే సమీక్ష పద్ధతి మారితే ఆ మాట ఇంకా సులువుగా వస్తుంది. ఎన్ని కేసులు కట్టారన్నది కాకుండా, వచ్చినవాళ్లలో ఎందరి మాట రాసుకున్నారన్నది ఎస్పీలు అడగాలి.

ఎవరైనా మిమ్మల్ని పరిధి పేరుతో తిప్పి పంపితే 173వ సెక్షన్ అని పేరు పెట్టి అడగండి. అప్పటికీ రాసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించే హక్కు అదే సెక్షన్ ఇస్తోంది. 1980 నుంచి 2024 దాకా ఈ హక్కు కోసం వేచి చూసినవాళ్లలో చాలామందికి ఇది అందలేదు. అందిన మనం దీన్ని అడగాలి. కొత్తగా స్టేషన్‌లో చేరే ప్రతి కానిస్టేబుల్‌కూ మొదటి రోజే దీన్ని నేర్పించాలి.